చలికాలం నాటకానికి వెళ్తున్నారా? శాలువా, స్వెటర్, జాకెట్‌లలో ఏది ఎంచుకోవాలి

మా ఆడపడుచు పెళ్లయ్యాక ఇన్నేళ్లూ విశాఖలోనే ఉంది, ఈ ఏడాది వాళ్లాయనకు బదిలీ అయి హైదరాబాద్ వచ్చారు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "వదినా, శనివారం రవీంద్రభారతిలో నాటకానికి వెళ్దామనుకుంటున్నాం, ఇక్కడ పొద్దు గూకితే చాలు చలి పట్టేస్తోంది, నా బీరువాలో ఒక్క స్వెటర్ కూడా లేదు, మంచి జాకెట్ ఒకటి కొనేయనా?" అని అడిగింది. ఆగు, ఇప్పుడే కొనకు అన్నాను. తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నవంబర్ నుంచి ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. (జాకెట్ అంటే ఇక్కడ రవిక కాదు, జిప్పు ఉన్న చలికోటు.)

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మన ఊళ్లలో నాటకానికి వెళ్లేవాళ్లు ఒకే ఒక్క వస్తువు మీద డబ్బు పెట్టాలంటే అది మంచి ఉన్ని శాలువా మీద పెట్టాలి. జాకెట్ మీద కాదు, స్వెటర్ మీద కూడా కాదు. ఎందుకో, ఎవరికి ఈ మాట వర్తించదో కింద వివరంగా రాస్తాను.

ముందు హాలు తేల్చుకోండి, బట్టల సంగతి తర్వాత

హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి నెలల్లో పగలు 28 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రికి 14, 15కి పడిపోతుంది, ఊరి చివర కొన్ని రాత్రులు ఇంకా కిందికి వెళ్తుంది. అంటే మీరు సాయంత్రం ఐదున్నరకు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, స్వెటర్ వేసుకుంటే చెమట కూడా పడుతుంది. హాల్లో కూర్చున్న రెండు మూడు గంటలు ఏసీ చలి. తొమ్మిదిన్నరకు బయటికొస్తే అసలు చలి. ఒకే సాయంత్రంలో ఈ మూడూ తప్పవు. చాలామంది అద్దం ముందు నిలబడి, అంటే ఆ ఐదున్నర వాతావరణాన్ని బట్టి బట్టలు ఎంచుకుంటారు, తిరిగొచ్చే దారిలో వణుకుతారు.

రవీంద్రభారతి ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన హాలు, 1961లో మొదలైంది. పెద్దది, ఏసీ ఉంటుంది, జనం నిండితే పరవాలేదు కానీ సగం కుర్చీలు ఖాళీగా ఉన్న రోజు మాత్రం మెడ వెనక చల్లగాలి తగులుతూనే ఉంటుంది. పైగా మన కార్యక్రమాల్లో నాటకానికి ముందు సభ ఉంటుంది, ముఖ్య అతిథి మాట్లాడాలి, సన్మానాలు జరగాలి, కాబట్టి టికెట్ మీద ఆరున్నర అని ఉంటే అసలు తెర ఏడుంపావుకు లేస్తుందనుకుని రండి. కదలకుండా కూర్చునే సమయం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ ఇదే వరస, కాకపోతే అక్కడ హాలు చిన్నది, మనుషుల వెచ్చదనం తెలుస్తుంది. మాదాపూర్ శిల్పకళావేదికలో హాలు చాలా పెద్దది, దానికి రవీంద్రభారతి కంటే ఒక పొర ఎక్కువ వేసుకోండి.

బంజారాహిల్స్‌లో లామకాన్ పూర్తిగా వేరే లెక్క. 2010 నుంచి నడుస్తున్న చోటు అది, పెద్ద బండరాయిని ఆనుకుని ఆరుబయట వేదిక ఉంటుంది, సమోసా, చాయ్ తింటూ తాగుతూ మాట్లాడుకోవచ్చు. పగలంతా ఎండకు కాగిన రాయి రాత్రి ఏడింటికి కూడా కాస్త వెచ్చగా ఉంటుంది, ఎనిమిదిన్నర దాటాక అదే రాయి కింది నుంచి చలి ఎక్కిస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లకు భుజాల మీదికంటే ముందు కూర్చోవడానికి మందపాటి గుడ్డ ఒకటి కావాలి. కాళ్లకు సాక్స్ కూడా, చలికే కాదు దోమలకు కూడా.

సురభి నాటకం చూడటానికి వెళ్తున్నారా, అయితే పిల్లల్ని తీసుకెళ్తున్నారనే అనుకుంటాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి చేతుల మీదుగా పుట్టిన కుటుంబ నాటక సమాజం అది, తరాలు మారినా ఆ కుటుంబాల వాళ్లే వేషాలు కడుతున్నారు. రంగుల తెరలు, గాల్లో తేలే పాత్రలు, మాయలు, పొగలు, ఇవన్నీ దగ్గరగా చూడాలని పిల్లలు ముందు వరుసకే పరిగెడతారు. పిల్లలకు జిప్పు స్వెటర్ వేయండి, తల మీంచి తొడిగేది వద్దు. ఒక సీనుకు చలి అంటారు, ఇంకో సీనుకు ఉక్క అంటారు, చీకట్లో తల మీంచి లాగడానికి ప్రయత్నిస్తే వాళ్ల చేయి పక్కవాళ్లకు తగులుతుంది.

ఇక గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో చలికాలం నాటక పరిషత్తుల పోటీలు చూడబోయేవాళ్లకు ఈ వ్యాసంలో సగం అక్కర్లేదు. ఆరుబయట, అర్ధరాత్రి దాటినా ఇంకో నాటిక ఉంటుంది, పైనుంచి మంచు కురుస్తుంది. అక్కడ మంకీ క్యాప్, దుప్పటి, ఫ్లాస్కులో టీ. అందం గురించి ఎవరూ అడగరు, అడగాల్సిన పని కూడా లేదు.

జాకెట్, స్వెటర్, శాలువా

ఇప్పుడు అసలు పోలిక. మూడింటినీ నేను వాడి చూశాను, ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంది.

నైలాన్ జాకెట్, అంటే లోపల దూదిలాంటిది కూరి, పైన మెత్తల్లా ఉబ్బి ఉండేది, ఇప్పుడు అందరూ కొంటున్నారు. బరువుండదు, గాలి చొరబడదు, చలి బాగా ఆపుతుంది. నేనూ ఒకటి కొన్నాను. నాలుగేళ్ల క్రితం ఒక చిన్న హాలుకు అది వేసుకుని వెళ్లాను, ఎనభై మంది పట్టే చోటు, మైకులు లేవు. తండ్రి పాత్రధారి గొంతు బాగా తగ్గించి కూతురితో మాట్లాడే సీను నడుస్తోంది. నేను చేయి కదిపినప్పుడల్లా ఆ నైలాన్ సరసరమంటోంది. ముందు కూర్చున్న పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. విప్పి ఒళ్లో పెట్టుకుందామంటే ఆ జిప్పు చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది, పెట్టుకున్నాక అది జారి కిందపడింది. ఆ సీను మొత్తం నాకు పోయింది, నా చుట్టుపక్కల ఓ పది మందికి కూడా పోయి ఉంటుంది, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. సినిమాలో ఇలాంటి చప్పుడు స్పీకర్ల మోతలో కలిసిపోతుంది. నాటకంలో నటుడి ఊపిరి మనకు వినిపిస్తుంది, మన చప్పుడు ఆయనకూ వినిపిస్తుంది. అందుకే నాటకానికి బట్ట కొనేటప్పుడు నేను మొదట చేసే పని, కొట్లోనే ఆ గుడ్డను చెవి దగ్గర పెట్టుకుని పిండి చూడటం. చప్పుడు చేస్తే అక్కడే వదిలేస్తాను, ఎంత నచ్చినా సరే.

అయితే జాకెట్‌ను పూర్తిగా కొట్టిపారేయను. మీరు బండి మీద వెళ్లేవాళ్లయితే, అందులోనూ పది కిలోమీటర్లు దాటి వెళ్లేవాళ్లయితే, శాలువా పనికిరాదు. ఉన్ని చలిని ఆపుతుంది కానీ ఎదురుగాలిని ఆపలేదు, పైగా బండి మీద శాలువా చక్రంలో చుట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. జాకెట్ దారి కోసం, శాలువా హాలు కోసం. మన హాళ్లలో కోటు అప్పజెప్పి టోకెన్ తీసుకునే ఏర్పాటు దాదాపు ఉండదు కాబట్టి, జాకెట్ స్కూటర్ డిక్కీలో పెట్టి, సంచిలోంచి శాలువా తీసి లోపలికి వెళ్లండి. కారులోనో మెట్రోలోనో వెళ్లేవాళ్లకు మాత్రం జాకెట్ అవసరమే లేదు. రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషన్ దగ్గర్లోనే ఉంది, దిగి నడిచే ఆ కాస్త దూరానికి శాలువా చాలు.

స్వెటర్‌కు వస్తే, వేసుకున్నాక మర్చిపోవచ్చు, అది దాని పెద్ద సుగుణం. చేతులు ఖాళీగా ఉంటాయి, చప్పట్లు హాయిగా కొట్టొచ్చు. కానీ బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఆక్రిలిక్, అంటే ఉన్నిలా కనిపించే కృత్రిమ నూలు. చలికాలం రాగానే టిబెటన్లు వచ్చి వరసగా స్వెటర్ల దుకాణాలు పెడతారు చూడండి, వాళ్ల దగ్గరుండేది చాలావరకు లూధియానా మిల్లుల సరుకు, రంగులు బాగుంటాయి, ధర అందుబాటులో ఉంటుంది, పిల్లలకు నేనూ అక్కడే కొంటాను. కానీ పట్టుచీర మీద ఆక్రిలిక్ స్వెటర్ వేసుకుని చూడండి, మన పొడి చలికి విప్పేటప్పుడు చిటపటలాడుతుంది, చీకట్లో మిణుగురుల్లా నిప్పురవ్వలు కూడా కనిపిస్తాయి. రెండు నెలల్లో చంకల దగ్గర ఉండలు కడుతుంది. అందుకని స్వెటర్ కొనదలిస్తే ఒకటే కొనండి, లోపలి పట్టీ మీద ఉన్ని ఎంత శాతమో చదివి కొనండి, సగానికి పైగా ఉన్ని ఉంటే మంచిది.

చీర మీద స్వెటర్ గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిది. ముందు బొత్తాలున్న కార్డిగన్ చీర మీద వేసుకుంటే కుచ్చిళ్ల దగ్గర ఎత్తుగా నిలబడి, కొంగు లోపల ఇరుక్కుపోయి, ఇంత శ్రద్ధగా కట్టుకున్న చీరలో సగం కనిపించకుండా పోతుంది. మా అమ్మ తరం వాళ్లు వేసుకున్నారు, ఎందుకంటే వాళ్లకు వేరే దారి లేదు. ఇప్పుడు రవికలాగా చీర లోపల వేసుకునే ఉన్ని అల్లిక బ్లౌజులు దొరుకుతున్నాయి, అది చాలా మంచి ఆలోచన.

శాలువా ఈ మూడింటిలో ఎందుకు గెలుస్తుందంటే, అది మాటిమాటికీ మారే చలికి తగ్గట్టు మారుతుంది. ఐదున్నరకు చేతి మీద వేసుకోవచ్చు, సభ జరుగుతున్నప్పుడు ఒళ్లో మడిచి పెట్టుకోవచ్చు, నాటకం మొదలయ్యాక మెడ చుట్టూ కప్పుకోవచ్చు, బయటికొచ్చాక తల మీదుగా చెవులు మూసుకోవచ్చు. విప్పినా కప్పినా చప్పుడు చేయదు. పక్కన అమ్మమ్మ వణుకుతుంటే ఒక కొస ఆవిడ మోకాళ్ల మీద వేయొచ్చు. పదేళ్లు వాడినా కొలత మారదు, ఒళ్లు వచ్చినా తగ్గినా సరిపోతుంది. ఒక్క లోపం, చప్పట్లు కొడుతుంటే జారుతుంది. పిన్ను పెట్టుకుంటే పోతుంది, లేదా ఎడమ భుజం మీదుగా తిప్పి కొస చంక కింద దోపుకోండి. పద్యనాటకానికి వెళ్తే ఇది ముందే సర్దుకోండి, మంచి పద్యం పడిందంటే హాలు మొత్తం వన్స్‌మోర్ అంటూ లేస్తుంది, ఆ సమయంలో శాలువా పట్టుకుని కూర్చోలేరు.

ఏ శాలువా

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేనూ మోసపోయాను. ఒక ఎగ్జిబిషన్‌లో "ప్యూర్ పష్మీనా, ఆఖరి రోజు ధర" అని 1,200 రూపాయలకు ఇచ్చారు. ఉంగరంలోంచి దూర్చి చూపించారు కూడా. మెత్తగా, నున్నగా, మెరుస్తూ ఉంది. ఆ శనివారం కప్పుకుని వెళ్తే వెచ్చదనం అన్నదే లేదు. ఇంటికొచ్చి అంచులోంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చితే కాగితం కాలిన వాసన వచ్చింది. అది విస్కోస్, చెక్క గుజ్జుతో చేసే పోగు. అసలు ఉన్ని కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. ఉంగరం పరీక్షను మాత్రం నమ్మకండి, పల్చటి విస్కోస్ కూడా ఉంగరంలోంచి సులభంగా దూరుతుంది.

అసలు పష్మీనా లదాఖ్ ఎత్తుల్లో మేసే చాంగ్‌థాంగీ మేకల లోపలి బొచ్చు. ఒక్కో పోగు 12 నుంచి 16 మైక్రాన్లు ఉంటుంది, మన తల వెంట్రుక అంతకు నాలుగైదు రెట్లు లావు. అంత సన్నటి బొచ్చును చేత్తో వడికి, చేత్తో నేస్తారు కాబట్టి ధర వేలల్లోనే మొదలవుతుంది, పదివేలు దాటడం మామూలు. వెయ్యికీ రెండువేలకీ రాదు, రాలేదు. ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, జన్మంతా ఉంటుంది. కానీ నా మాట వింటే హైదరాబాద్ చలికి, నాటకాల కోసం, పష్మీనా తప్పనిసరి కాదు. హాల్లో కుర్చీ చేతికి ఉన్న మేకు తగిలి ఆ పోగు లేచిందంటే మనసు నాటకం మీద ఉండదు.

నేను ఆడపడుచుకు చెప్పింది కులు శాలువా. హిమాచల్ నుంచి వస్తాయి, మధ్యలో ఒకే రంగు, రెండు చివర్లా గళ్లూ త్రికోణాలూ ఉన్న రంగుల పట్టీలు. గట్టిగా ఉంటాయి, వెచ్చగా ఉంటాయి, మామూలు ఉన్నివి రెండు మూడు వేలలో మంచివి వస్తాయి. పట్టీ సన్నగా ఉన్నది ఎంచుకోండి, మన చీరల అంచులకే బోలెడు పని ఉంటుంది, దాని మీద మళ్లీ ఆరు రంగుల పట్టీ పడితే రెండూ పాడవుతాయి. మెడకు గరగరలాడుతుందని భయముంటే మెరీనో (మెత్తటి రకం గొర్రె ఉన్ని) కలిపినది అడగండి. కొట్లో చేతికి కాదు, మెడకు ఆనించి ఓ రెండు నిమిషాలు ఉంచుకోండి, మూడు గంటలు మోయాల్సింది మెడే కదా.

సన్మానం శాలువాల గురించి కూడా చెప్పాలి. తెలుగువాళ్ల ఇళ్లలో, ముఖ్యంగా టీచర్ల ఇళ్లలో, రచయితల ఇళ్లలో, అవి బీరువా నిండా ఉంటాయి. జరీ మెరుపు, జారుడు. ఇంట్లో ఇన్ని ఉండగా ఇంకోటి కొనడం దేనికి అని మా మామగారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. కానీ వాటిలో ఎక్కువ పాలిస్టర్, చలి ఆపవు, భుజం మీద నిలవవు, స్టేజీ లైటు పడితే తళుక్కుమంటాయి. వాటిని గౌరవంగా దాచుకోండి, నాటకానికి కప్పుకురావద్దు.

గొంగడి సంగతి. మన దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడి తెలంగాణ సొంతం, వానకూ చలికీ మందలతో తిరిగే కాపర్లకు అదే ఇల్లు. ముతక ఉన్ని కాబట్టి చర్మానికి గుచ్చుకుంటుంది, తడి తగిలితే వాసన వస్తుంది, అందువల్ల కప్పుకోవడానికి ఏసీ హాల్లో నేను సూచించను. కానీ లామకాన్ మెట్ల మీద, పల్లెలో ఆరుబయట, నాలుగు మడతలు వేసి కింద పరుచుకుంటే దానికి సాటి వచ్చేది ఏదీ లేదు. నేసేవాళ్ల దగ్గరే కొంటే ఇంకా మంచిది, ఏటా వాళ్ల సంఖ్య తగ్గిపోతోంది.

శాలువా లోపల ఏం కట్టుకోవాలి

శాలువా తేలిపోయాక మిగిలినవి సులభం. నూలు, పట్టు, రెండూ కలిసిన గద్వాల, ఈ మూడింటి మధ్య తేల్చుకోవాలి.

మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు నాకు ప్రాణం, కానీ వెంకటగిరి అంత పల్చటి నేత చలికాలానికి కాదు, అది మే నెల చీర. మంగళగిరి కొంచెం గట్టి నేత, శాలువా తోడుంటే సరిపోతుంది. పట్టు సహజంగానే వెచ్చన, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ధర్మవరం లాంటి బరువైన పట్టు పెళ్లికి బాగుంటుంది, మూడు గంటలు కుర్చీలో కూర్చుంటే వెడల్పాటి జరీ అంచు మడతలు పడి నడుం దగ్గర గుచ్చుకుంటుంది. పోచంపల్లి ఇక్కత్ పట్టు అయితే జరీ తక్కువ, మెత్తగా ఒంటికి అంటుకుని ఉంటుంది, చీకటి హాల్లో కళ్లు చెదరగొట్టదు. నా మొదటి ఎంపిక మాత్రం గద్వాల. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, విడివిడి పోగులను నేతలోనే కలుపుతారు. వెళ్లేటప్పుడు నూలు గాలాడనిస్తుంది, వచ్చేటప్పుడు పట్టు కొంగు భుజాల చుట్టూ తిప్పుకోవచ్చు. మన నేతగాళ్లు ఈ వాతావరణానికే నేశారా అనిపిస్తుంది నాకు. పట్టు కొనేటప్పుడు అసలు పట్టే అని చెప్పే సిల్క్ మార్క్ పట్టీ ఉందో లేదో చూడండి.

చీర కంటే రవిక ముఖ్యం అంటే నమ్ముతారా? ఏసీ గాలి పైనుంచి వీపు మీదే పడుతుంది. వీపు లోతుగా కోసి దారాలు కట్టిన రవికతో ఎంత మంచి శాలువా కప్పుకున్నా ఒకసారి జారిందంటే చాలు. ఈ చలికాలం కొత్త చీర కొనే డబ్బుతో మెడ మూసిన, చేతులు మణికట్టు దాకా ఉన్న రవికలు రెండు కుట్టించుకోండి, ఒకటి నల్ల వెల్వెట్, ఒకటి వంగపండు రంగుది. బీరువాలో ఉన్న పాత చీరలు డజను కొత్తవైపోతాయి. స్టైలు మార్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే తక్కువ ఖర్చుతో జరిగే మార్పు నాకు తెలియదు. రంగుల్లో కూడా వేసవి లేతరంగులు పక్కనపెట్టి ఇటుక రంగు, నేరేడుపండు రంగు, నెమలికంఠం, ముదురాకుపచ్చ బయటికి తీయండి.

చుడీదార్ వాళ్లకు పెద్దగా చెప్పేదేం లేదు, కింద మందపాటి లెగ్గింగ్, పైన లైనింగు వేసిన చేనేత కుర్తా, శాలువా అంతే.

మగవాళ్ల దగ్గరికి వస్తే, బ్లేజర్, హుడీ, బండీ (నెహ్రూ కోటు అని కూడా అంటారు), ఈ మూడూ చూస్తుంటాను. బ్లేజర్ నిలబడితే బాగుంటుంది, కూర్చుంటే భుజాల దగ్గర పట్టేస్తుంది, ఇరుకు కుర్చీల్లో పక్కవాళ్ల మోచేతికి తగులుతుంది. హుడీ హాయిగా ఉంటుంది, కానీ టోపీ తల మీద వేసుకుని కూర్చోవద్దు, వెనకవాళ్లకు అడ్డం. బండీ అన్నిటికంటే తెలివైన ఎంపిక, చేతులు ఉండవు కాబట్టి కదలడానికి అడ్డం రాదు, గుండెకూ వీపుకూ కాపలా. పోచంపల్లి ఇక్కత్ బండీ తెల్లచొక్కా మీద వేస్తే మామూలు మనిషి కూడా నిండుగా కనిపిస్తాడు. లోపల చొక్కా మాత్రం నిండుచేతులది వేయండి. పొందూరు ఖాదీ ఉన్నవాళ్లు వేసుకోండి, కానీ వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన ఆ సన్నటి నూలు గాలి ఆడటానికే పుట్టింది, బండీ లేకుండా దాన్ని నమ్ముకుని చలికి వెళ్లకండి. మగవాళ్లకు శాలువా పెద్దతనం అనుకునేవాళ్లున్నారు. మా వారు కూడా అనుకునేవారు, ఒక జనవరి రాత్రి లామకాన్ నుంచి తిరిగొచ్చాక ఆ మాట మళ్లీ అనలేదు.

మిగతావి త్వరగా

చెప్పులు: గట్టి మడమలు వద్దు, చీకట్లో మెట్లు దిగేటప్పుడు ప్రమాదం, నాటకం మధ్యలో లేస్తే టకటకలు. కొల్హాపురీ అందంగా ఉంటుంది కానీ వేళ్లు గడ్డకడతాయి, చీర కిందికి ముందు మూసి ఉన్న మెత్తటి జుత్తీలు మేలు.

గాజులు: గలగలలాడే మట్టిగాజులు ఆ ఒక్క సాయంత్రానికి తగ్గించండి, పట్టీలు కూడా.

సెంటు: తలుపులన్నీ మూసిన ఏసీ హాల్లో ఘాటు సెంటు పక్కవాళ్లకు తలనొప్పి. చలికాలం చేమంతుల కాలం, చిన్న దండ పెట్టుకోండి, దాని వాసన మీ దగ్గరే ఉంటుంది. జడ వేసుకోండి, నడినెత్తిన ముడి వద్దు, వెనక కూర్చున్నవాళ్లు కూడా టికెట్ కొన్నారు.

ఎవరికి ఏది

కారులోనో మెట్రోలోనో వెళ్లి ఏసీ హాల్లో చూసేవాళ్లు, కులు శాలువా, మెడ మూసిన రవిక, వేరే ఏమీ కొనకండి. బండి మీద వెళ్లేవాళ్లు, దారికి గాలి ఆపే జాకెట్, లోపలికి శాలువా, రెండూ కావాలి, డబ్బులు చాలకపోతే జాకెట్ మామూలుది తీసుకుని శాలువా మంచిది తీసుకోండి. ఆరుబయట చూసేవాళ్లు శాలువా లోపల ఉన్ని స్వెటర్ కూడా వేసుకోండి, కింద పరుచుకోవడానికి మర్చిపోవద్దు. అరవై దాటినవాళ్లకు మాత్రం నేను స్వెటరే చెప్తాను, శాలువా మాటిమాటికీ సర్దుకోవడం వాళ్లకు ఇబ్బంది, కాళ్లలో పడితే జారిపడతారు.

విశాఖ, విజయవాడల్లో ఉన్నవాళ్లకు ఇంత హంగామా వద్దు. సముద్రపు గాలికి విశాఖలో రాత్రి చలి మెత్తగా ఉంటుంది, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రానికి ఒక పల్చటి ఉన్ని స్టోల్ చాలు, అది కూడా హాల్లో ఏసీ కోసమే. ఆదిలాబాద్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, వాళ్ల చలి ముందు మాది చలే కాదు.

లండన్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు అడిగాడు, అక్కడ లెక్క తలకిందులు. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్ల వేడి. పెద్ద కోటు దారికి తప్పదు, కొన్ని థియేటర్లలో దాన్ని అప్పజెప్పే గది ఉంటుంది, కొన్నిచోట్ల డబ్బులు తీసుకుంటారు. లోపల పల్చటి బట్టలే వేసుకోవాలి, లేకపోతే పాత థియేటర్ల ఇరుకు సీట్లలో ఉక్కపోతతో ఇంటర్వెల్ ఎప్పుడా అని చూస్తారు. వాడికి కూడా శాలువా ఒకటి ఇచ్చి పంపాను, కోటు లోపల మెడ చుట్టూ చుట్టుకుంటున్నాడట.

మా ఆడపడుచు చివరికి నేరేడుపండు రంగు కులు శాలువా తీసుకుంది, జాకెట్ ఆలోచన మానేసింది. ఉన్నది పాత గద్వాల చీరే, రవిక ఒక్కటి కొత్తగా కుట్టిస్తోంది, శుక్రవారానికి ఇస్తానన్నాడట టైలరు.

ఇంకొక్క మాట, ఇది ఆమెకు చెప్పడం మర్చిపోయి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. బీరువాలోంచి తీసిన శాలువాను అలాగే కప్పుకుని వెళ్లకండి, కలరా ఉండల వాసన వరస మొత్తానికి తగులుతుంది. ఒకరోజు ముందు నీడలో, గాలి తగిలేచోట ఆరేయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక, చల్లటి నీళ్లలో కుంకుడుకాయ రసం కలిపి ముంచి తీయండి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నీళ్లు అద్దేసి, మంచం మీద పరిచి ఆరబెట్టండి, దండెం మీద వేస్తే తడి బరువుకు సాగిపోతుంది. పూర్తిగా ఆరాక పాత నూలు చీర ముక్కలో చుట్టి, మధ్యలో నాలుగు ఎండు వేపాకు రెబ్బలు పెట్టి దాచండి, అప్పుడు కలరా ఉండల అవసరం కూడా ఉండదు.